ఒక రొట్టె, రెండు కోరికలు

వెంకటశేషమ్మ కోడలు పిల్లను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతోందన్న సంగతి ఊళ్లో అందరికంటే ఆఖరున తెలిసింది వెంకటశేషమ్మకే. అప్పుడామె పంటి నొప్పికి వైద్యం చేయించుకుంటూ నెల్లూరులో కూతురింట్లో ఉంది. తిరిగొచ్చి విడవలూరు సెంటర్లో బస్సు దిగిందో లేదో, పూలమ్మే ఆవిడ మూర కొలుస్తూ, మీ ప్రత్యూష టీచరమ్మ అయిందంట గదా, ఒక్క పిల్లకే, అని పలకరించింది. దవడ వాచి ఉండడంతో వెంకటశేషమ్మ ఏమీ అనలేకపోయింది. ఆ వాపు ఇంకో వారం ఉండుంటే ఇంట్లో గొడవే జరిగేది కాదని ఆమె కొడుకు పెంచల్ ఇప్పటికీ అంటుంటాడు.

గొడవైతే జరిగింది గానీ, గొడవకు కావలసిన రెండో మనిషి దొరకలేదు. ప్రత్యూష బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన పిల్ల. తండ్రి గూడ్సు బండి గార్డు. ఏది ఎంత ఆలస్యమైనా కంగారు పడకపోవడం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె. అత్తగారు అనాల్సినవన్నీ అనేదాకా చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చుని, చివర్న ఒక్క మాట చెప్పింది.

"మన కామాక్షి బళ్లో నోరే ఎత్తదంట అత్తా. చానా మంచి పిల్ల అని మెచ్చుకున్నారు."

వెంకటశేషమ్మ దవడ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఏడేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల నోరు మూతపడింది నిద్రలోనే. చేపల అంకాలమ్మ వాకిట్లో గంప దించితే చాలు, చేపలు రెప్పలెందుకు వెయ్యవని అడిగేది. రెప్పలేసే చేపను మీ అవ్వ కొంటుందా అని అంకాలమ్మ ఎదురడిగేది. అలాంటి పిల్లకు పట్నంలో పెద్ద బడి, ఇంటి ముందుకు పసుపుపచ్చ బస్సు వచ్చినాక ఒక్కో మాటే తగ్గుతూ వచ్చింది. పొద్దున్నే బస్సు హారన్ వినబడగానే కడుపునొప్పి. ఇంటిల్లిపాదీ దాన్ని పొట్ట సంగతి అనుకుని వాము నీళ్లు తాగించారు. ఆ నొప్పికి ఆదివారం సెలవని గమనించింది ప్రత్యూష ఒక్కతే.

అంతా విన్నాక కూడా, బడికి పోని పిల్లను ఊరు ఏ లెక్కలో వేస్తుందన్న బెంగ వెంకటశేషమ్మను వదల్లేదు. నెల్లూరు మనిషికి ఇలాంటి చిక్కొస్తే చేసేది ఒకటే, రొట్టెల పండక్కి పోవడం. దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మన కోరికకు తగిన రొట్టె అడిగి తీసుకుని తినాలి. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, చదువు రొట్టె. అదే కోరిక ముందు తీరినవాళ్లే ఆ రొట్టె ఇవ్వాలి. మనకూ తీరితే మరుసటేడు మనమూ రొట్టె కాల్చుకుపోయి, అదే కోరికతో వచ్చినవాళ్లకు ఇవ్వాలి. తీరకుండా ఇవ్వడం తప్పు. తీరినాక ఇవ్వకపోవడం ఇంకా పెద్ద తప్పు. వెంకటశేషమ్మ ఇరుగుపొరుగుతో పూటకో అబద్ధం ఆడగలదు గానీ ఈ ఒక్క విషయంలో ఆడదు. ఎందుకంటే ఆమె అత్తగారు పిల్లల్లేక అక్కడ రొట్టె తీసుకుంటే పుట్టినవాడే ఆమె భర్త. హజరత్తయ్య అన్న పేరు అలా వచ్చిందే. అత్తగారు ఆ కోరికేదో ఇంకాస్త వివరంగా కోరుకుని ఉంటే బాగుండేదని వెంకటశేషమ్మకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. కానీ అడిగింది మాత్రం వచ్చింది, దాన్లో అనుమానం లేదు.

పోయినేడాది పండక్కి వెంకటశేషమ్మ నీళ్లలో నిలబడి, తల నిండా కొంగు కప్పుకుని, చదువు రొట్టె తీసుకుంది. "మా కామాక్షి మళ్లీ బడికి పోవాల" అని పైకే అంది. పక్కనున్న కూతురు జయశీలా విన్నది, కోడలూ విన్నది. రొట్టె తింటుండగా, నోట్లో బెల్లం కరిగేలోపల, ముందర మాదిరి గలగలా మాట్లాడాల అని ఇంకోటి మనసులోనే కలిపింది. కూరగాయలు కొని కరివేపాకు ఊరికే వెయ్యమన్నట్టు, ఒక్క రొట్టెకు రెండు కోరికలు. గడుసుతనమే. అందుకే ఆ రెండోది ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు ఎండాకాలంలో జయశీల ఊరికొచ్చింది. ఆమె మొగుడికి తెలిసినవాళ్లది హాస్టల్ బడి ఉందనీ, కామాక్షికి సీటు చెప్పి ఉంచామనీ, ఈ ఏడు పండగ వచ్చే జూన్ ఆఖరు దాకా ఆపుతారనీ చెప్పింది. ప్రత్యూష చెప్పే చదువు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మేనకోడల్ని ఎదురుగా నిలబెట్టి రాజధానులు అడిగింది. కామాక్షి రెండు చెప్పి, మూడోది తెలీదంది. తనను అడగడం అయిపోయింది గదా, ఇంక తన వంతేననుకుందేమో, తనూ ఒకటి అడిగింది.

"అత్తా, సముద్రం నీళ్లు అంత ఉప్పుగా ఉంటాయి గదా. మళ్లీ అవ్వ చేపల పులుసులో ఉప్పెందుకు ఏస్తుంది?"

జయశీల తల్లి వైపు చూసింది. వెంకటశేషమ్మ పులుసు చెయ్యబట్టి నలభై ఏళ్లవుతోంది. ఈ అనుమానం ఒక్కనాడూ రాలేదు. హజరత్తయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పెంచల్ పెళ్లాం వైపొకసారి, తల్లి వైపొకసారి చూసి, చేలో మోటారు ఆపలేదని గుర్తుకొచ్చి లేచాడు.

జయశీల మాత్రం వదల్లేదు. ఇట్లాంటి ప్రశ్నలకు మార్కులు ఎవరిస్తారంది. ఈడు పిల్లలతో కలవకపోతే రేపు మనుషుల్లో ఎలా మసులుతుందంది. అమ్మ అమ్మలాగా ఉండాల, టీచర్ టీచర్ లాగా ఉండాల, రెండూ కలిపితే పిల్లకు రెండూ లేకుండా పోతాయంది. ఆ ఆఖరి మాట దగ్గర ప్రత్యూష ముఖంలో ఏదో కదిలింది. అది వెంకటశేషమ్మ ఒక్కతే చూసింది.

"నేనేం చెప్పినా నా బిడ్డ గాబట్టి చెప్తుండా అంటారు ఒదినా" అంది ప్రత్యూష. "అత్తనే చెప్పనీ. పోయినేడు రొట్టె తీసుకుంది ఆమే గదా. కోరిక తీరిందనిపిస్తే ఈ పండక్కి చదువు రొట్టె ఇస్తుంది. తీరలేదంటే మర్నాడే పిల్లను హాస్టల్లో దింపుదాం. నేను అడ్డం చెప్పను."

జయశీల వెంటనే సరేనంది. తల్లి కోరిన కోరిక ఆమె చెవులారా విన్నదే. పిల్ల బడికి పోలేదన్నది ఊరంతా ఎరిగిందే. ఇంక తేల్చేదేముంది? ఓడిపోయే పందెం కోడలు ఎందుకు కాసిందో తెలియక వెంకటశేషమ్మ ఆ పూట రెండుసార్లు పులుసులో ఉప్పేసింది.

మరునాటి నుంచి వెంకటశేషమ్మ పనులన్నీ వసారాలోకి మారిపోయాయి. బియ్యంలో రాళ్లు ఏరడం, చిక్కుళ్లు తుంచడం, ఏమీ లేకపోతే ఉతికిన గుడ్డల్నే మళ్లీ మడత పెట్టడం. చెవి మాత్రం చదువు మీద. తాను చదివింది ఐదో తరగతి. అయినా తీర్పు చెప్పాల్సింది తానే గాబట్టి, గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాలి గదా.

ఆమె మొదట గమనించింది, ఈ బడికి గంట లేదనీ, గంట తప్ప మిగతా చప్పుళ్లన్నీ ఉన్నాయనీ. పప్పు పొయ్యి మీద, లెక్క పొయ్యి పక్కన. కుక్కర్ మూడో కూత వెయ్యగానే కూడిక మధ్యలో ఆగిపోతుంది. కరెంటు వస్తే మోటారు వెయ్యాలి, అప్పుడు తీసివేత ఆగుతుంది. పది గంటలప్పుడు బంధువుల ఫోన్లు. ఖాళీగానే ఉంటావు గదా అని మొదలుపెట్టి, ఆ ఖాళీ అయిపోయేదాకా మాట్లాడతారు. పక్కింటి కరుణాకుమారి తన మూడేళ్లవాణ్ణి తెచ్చి, ఎటూ ఒకదానికి చెప్తుండావు, వీడూ ఓ పక్కన పడుంటాడులే అక్కా అని వదిలి టీవీ ముందుకు పోతుంది. వాడు పడుండే రకం కాదు. సుద్దముక్కలు తింటాడు.

ఇన్నిటి మధ్య కోడలు గొంతు పెంచకుండా పావు, సగం, ముప్పావు అని దోసెను తుంచి చూపిస్తుంటే, సగంలో సగం అంటే ఏమిటో వెంకటశేషమ్మకూ ఆ రోజే సరిగ్గా తెలిసింది. తెలిసినట్టు పైకి కనబడనివ్వలేదు.

రెండో సంగతి, ఈ టీచర్ తెలీదు అంటుంది. కామాక్షి ఏదన్నా అడిగితే, "నాకూ తెలీదు. కనుక్కుందాం రా" అంటుంది. మొదట్లో వెంకటశేషమ్మ దాన్ని తప్పుల్లో వేసుకుంది. తన చిన్నప్పటి మేష్టారు తెలీదనాల్సి వస్తే బెత్తం తీసేవాడు. కానీ అమ్మ తెలీదన్నప్పుడల్లా పిల్ల ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంటోందని కొన్నాళ్లకు కనిపెట్టింది. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో తేలక పక్కన పెట్టింది.

ఉప్పు సంగతి కనుక్కోడానికి ఇద్దరూ పెంచల్ బండెక్కి సముద్రానికి పోయి క్యాను నిండా నీళ్లు తెచ్చారు. మరగబెట్టి మరగబెట్టి, గ్యాసంతా దానికే పోతుంటే వెంకటశేషమ్మ రెండుసార్లు వచ్చి మంట తగ్గించి పోయింది. ఆఖరుకు గిన్నె అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. చేప తాగిన ఉప్పునంతా మొప్పల్లోంచి బయటికి తోసేస్తుందనీ, అందుకే దాని ఒళ్లు ఉప్పెక్కదనీ అమ్మా కూతుళ్లు ఎక్కడో చదివి తెలుసుకున్నారు. తయారైన ఉప్పు పారెయ్యడానికి మనసొప్పక వెంకటశేషమ్మ ఆ రాత్రికి పులుసులో వేసింది. హజరత్తయ్య రెండు ముద్దలు తిని, పళ్ల కింద ఇసక కరకరలాడుతుండగా, చదువు మంచిదేలే, వేరే పొయ్యి మీద పెట్టుకోమను, అన్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడింది అదే.

అక్కడికి అంతా బాగానే ఉంది. ఆపైన ఒక మధ్యాహ్నం వచ్చింది.

వడగాలి. చెప్పకుండా చుట్టాలు దిగారు. వాళ్లకు వండుతుండగా గ్యాసు అయిపోయింది. కరుణాకుమారి కొడుకు మజ్జిగ గిన్నె బోర్లించాడు. కామాక్షి ఏడో ఎక్కంలో ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయింది. నిన్నా అక్కడే ఆగింది. మొన్నా అక్కడే. ప్రత్యూష ఒక్కసారిగా అరిచింది. చేతిలో పలక నేల మీద విసిరికొట్టింది. అందరూ అటు తిరిగి చూశారు. కామాక్షి నోరు మూసుకుంది.

ఆ పూటంతా మళ్లీ విప్పలేదు. అన్నానికి పిలిస్తే వచ్చింది, పెట్టింది తిన్నది, కంచం కడిగి పెట్టింది. చానా మంచి పిల్ల. ఊరు ఏమనుకుంటుందో అన్న భయం వెంకటశేషమ్మ చాలాసార్లు పడింది గానీ, ఆ భయం ఈ నిశ్శబ్దం ముందు ఏపాటిది?

పెరట్లోకి పోయి చూస్తే ప్రత్యూష ఒకటే గిన్నెను తోమిందే తోముతోంది.

"ఒదిన చెప్పిందే నిజమేమో అత్తా" అంది తలెత్తకుండా. "బళ్లో అయితే ఒక టీచర్ కాకుంటే ఇంకో టీచర్ ఉంటుంది. ఈడ నేనొక్కదాన్నే. నా బుర్ర చెడితే బడి మొత్తం చెడిపోయినట్టే. పందెం గూడా అందుకే కాసినా. సరిగ్గా చెప్తుండానో లేదో నాకే తెలీడం లేదు. తెలిసినోళ్లు ఎవురన్నా చెప్తే బాగుండు."

కోడలు తనను తెలిసినవాళ్లలో వేసిందన్నమాట. వెంకటశేషమ్మ వంగి గిన్నె లాక్కుంది.

"ఇది ఎప్పుడో తెల్లబడింది. ఇంక అరిగిపోతాది. పోయి పడుకో. చుట్టాల సంగతి నేను చూసుకుంటా."

తెల్లవారి కాఫీలయ్యాక, ప్రత్యూష కూతురి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నిన్న నేను అరిచింది తప్పు. ఎక్కం రానందుకు కాదు, నాకు అలసటై అరిచినా. నువ్వు మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు" అంది.

బియ్యం చేట వెంకటశేషమ్మ ఒళ్లో అలాగే ఉండిపోయింది. పెద్దవాళ్లు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తాను పెంచల్‌ను అన్యాయంగా కొట్టిన సందర్భాలు ఒకటి రెండు ఉన్నాయి. అప్పుడు వాడికి తప్పు ఒప్పుకోలేదు, బెల్లం ముక్క పెట్టింది.

కామాక్షి చాలాసేపు నేల మీద వేలితో ఏదో రాసింది. ఆపైన, "సర్లే అమ్మా. ఏడో ఎక్కం అంటే నీకూ కష్టమేలే" అంది.

ప్రత్యూష నవ్వు ఆపుకోలేకపోయింది. వెంకటశేషమ్మ ముఖం అటు తిప్పుకుని లేని రాళ్లు ఏరింది. ఇంత ఓర్పు తన వల్ల అయ్యేది కాదని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. పది మందికి వండి పెట్టడం తనకు తెలుసు, నాట్లు వేయించడం తెలుసు, కోపం వచ్చినప్పుడు ఊరు వినేలా అరవడం తెలుసు. అరిచాక మళ్లీ వెనక్కి వచ్చి ఎదురుగా కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

పండగ ముందురోజు సాయంత్రం వెంకటశేషమ్మ గోధుమపిండి కలిపింది. ఒక్కటే రొట్టె కాల్చింది. బెల్లం పెట్టి మడిచి గుడ్డలో చుట్టింది. అది ఇవ్వడానికో, ఊరికే మోసుకుపోవడానికో అడిగే ధైర్యం ఎవరికీ చాల్లేదు. నిజానికి ఆమెకే తెలీదు. పిల్లకు నోరొచ్చింది. బడికి మాత్రం పోలేదు. రెండు కోరికల్లో ఒకటి తీరితే ఆ రొట్టె ఇవ్వచ్చునా? ఇలాంటిది ఎవరినైనా అడుగుదామంటే, రెండు కోరికలు ఎందుకు కోరావని ముందు తననే తిడతారు.

నెల్లూరు దాకా బస్సులో కామాక్షి నోరు ఆగలేదు. బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకే ఎందుకు పడతామని డ్రైవర్‌ను అడిగింది. పక్క సీటావిడ ముందు నవ్వింది, తర్వాత సమాధానాలు చెప్పింది, కోవూరు దాటాక నిద్ర నటించింది.

చెరువు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదువుతున్నారు. జయశీల ముందే వచ్చి, చదువు రొట్టె అని బోర్డు కట్టిన చోట ఎదురుచూస్తోంది. మర్నాడు హాస్టల్‌కు తీసుకుపోవాల్సిన దుప్పటి, బకెట్ కూడా కొనేసిందట. ప్రత్యూష విని తల ఊపింది. కూతురి జడ విప్పి మళ్లీ అల్లింది. అది అప్పటికే చక్కగా ఉంది.

వెంకటశేషమ్మ కొంగు కప్పుకుని నీళ్లలోకి దిగింది. రొట్టె గుడ్డ గుండెకు అదిమి పట్టుకుని నిలబడింది. అడిగినవాళ్లకు లేదని రెండుసార్లు తల అడ్డంగా ఊపింది.

అప్పుడొక చిన్నవయసు ఆమె వచ్చింది. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చామంది. చీర కుచ్చెళ్ల వెనక ఆరేడేళ్ల పాప, కళ్లు మాత్రం బయట పెట్టి.

"చదువు రొట్టె ఉందా అమ్మా? మా పాపది ఏం చెప్పేది. బడంటే కడుపునొప్పి అంటాది. ఇప్పుడు ఇంట్లో గూడా మాట్లాడ్డం మానేసింది."

వెంకటశేషమ్మ చేతిలో రొట్టె బరువెక్కింది. ఇంతలో కామాక్షి నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి ఆ పాప ముందు వంగింది. నీ పేరేంది, ఏ ఊరు, ఈ నీళ్లు చల్లగుండాయా అని వరసగా అడిగింది. పాప పలకలేదు. కామాక్షి ఒక నిమిషం చూసి, గొంతు తగ్గించింది.

"మాట్లాడకపోయినా పర్లేదు. నీ కాళ్ల కాడ చిన్న చేప ఉండాది, చూడు. అది రెప్పలెయ్యదు."

పాప కుచ్చెళ్లు వదిలి నీళ్లలోకి చూసింది.

మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు. ఆ గొంతు ఎవరిదో, ఆ నిదానం ఎక్కడ నేర్చిందో వెంకటశేషమ్మకు తెలుసు. వసారాలో కూర్చుని అన్నాళ్లూ విన్నది అదే. ఆమె గుడ్డ విప్పి రొట్టెను రెండుగా తుంచింది.

"అమా" అంది గట్టు మీద నుంచి జయశీల. "నువ్వు కోరింది బడికి పోవాలని గదా."

"ఒకటి అది. ఇంకోటి నీకు చెప్పలేదు" అంది వెంకటశేషమ్మ, తిరిగి చూడకుండా. ఆ చిన్నామెతో చెప్పింది. "అబద్ధమాడకూడదు తల్లీ. నేను రెండు కోరినా. పిల్లకు మళ్లీ నోరు రావాలన్నా, వచ్చింది. బడికి పోవాలన్నా, అది కాలేదు. సగమే తీరింది గాబట్టి సగమే ఇస్తా. చాలునా?"

ఆ చిన్నామె కూతురి వైపు చూసింది. పాప నీళ్లలో దేన్నో వేలితో చూపిస్తోంది.

"నాకు ఆ సగమే కావాల అమ్మా" అని కొంగు పట్టింది.

ప్రత్యూష గట్టు అంచున వంగి చెరువు నీళ్లతో ముఖం కడుక్కుంది, ఎంతసేపటికీ కడుక్కుంటూనే ఉంది. ఈ ఏడు కూడా ఇంట్లోనే చదవనీ, వచ్చే పండక్కి మళ్లీ చూద్దామని వెంకటశేషమ్మ గట్టెక్కి తీర్పు చెప్పింది. సీటు ఇంకెవరికన్నా ఇప్పించమని జయశీలకు చెప్పి, బకెట్ మాత్రం తానే తీసుకుంది. ఇంట్లోది పగిలింది.

మిగిలిన ముక్క ఏం చెయ్యాలో శాస్త్రం ఎవరికీ తెలీదు. కామాక్షికి ఆకలవుతోంది గాబట్టి దానికే పెట్టింది. పిల్ల నోట్లో పెట్టుకోబోయి ఆగి, ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవ్వా, ఇది సగం కాదు. పావు కంటే రవ్వంత పెద్దది, అంతే. ఆయమ్మకు సగం కంటే చానా జాస్తి ఇచ్చేసినావు."

"నీళ్లలో నిలబడి కొలత చూసుకుంటారా ఎవురైనా" అంది వెంకటశేషమ్మ. "తిను."